తుప్పు వదిలిన కత్తి

...నిన్న ఈ ఉత్తరం సగంలో ఆపేశానమ్మా. అన్న గదిలోకి వచ్చి, "ఏం రాస్తాండావే?" అన్నాడు. ఇంగ్లీషు ఎస్సే అన్నాను. నమ్మాడు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని నాకూ తెలుసు. రాయను. నాయన తలకు పన్నెండు కుట్లు పడి నంద్యాల ఆసుపత్రిలో ఉంటే ఏం క్షేమం? ఇంట్లో ఫోను అన్న జేబులోనే ఉంటుంది కాబట్టి ఈ కాగితం. నాలుగింటికి నిర్మలత్త మీ అన్నం క్యారియర్ సంచిలో పెట్టుకుని ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కుతుంది.

నీ చీటీలో అడిగావు కదా, అన్న తింటున్నాడు. బర్రెకు గడ్డి వేస్తున్నాను. ప్రార్థన మాత్రం చేయడం లేదు. కాలువ నీళ్ల వంతు కోసం సాల్మన్ మామ పారతో నాయన తల పగలగొడితే, బండి మీంచి పడ్డాడని డాక్టరుకు చెప్పింది నువ్వే. నీ తమ్ముడని! నాయన నీకేమీ కాడా?

సోమవారం అన్న అటక మీంచి తాత మాంసం కత్తి దించాడు. తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి, పట్టుకుంటే అరచేతికి అంటుకుంటోంది.

"ఇంగ్లీషు మీడియం గదా నువ్వు. తుప్పు తీసేది నేర్పల్యా?"

"ఏంటికి, అన్నా?"

"క్రిస్మస్‌కు పొట్టేలు కోయల్ల. పెద్ద సైంటిస్టువి, చూపిచ్చు."

పొంగిపోయాను. చిక్కటి చింతపండు రసంలో ఉప్పేసి ఒక రోజంతా నానబెట్టాను. రసం నల్లగా మారింది. ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో తోమాను. మళ్లీ నానబెట్టి, మళ్లీ తోమాను. గోళ్లు నల్లబడ్డాయి. అడుగున ఇనుము కనిపించింది.

మంగళవారం పెరట్లో అన్న ఫోనులో అంటున్నాడు: "ఆదివారం చర్చి అయినాంక మామ ఒక్కడే కాలువ కాడికి పోతాడప్పా. నాయనకు పన్నెండు కుట్లు. వానికి కుట్లేసే పనే ఉండదు."

ఇప్పుడు చెప్పేది చదివి నన్ను కొట్టినా సరే. అప్పటికి కత్తికి సగం తుప్పు అలాగే ఉంది. బావిలో పడేయొచ్చు. పడేయలేదు. ఇంకా గట్టిగా తోమాను. గురువారం దాకా తోమాను. మామ చావాలనుకుంటూనే తోమానమ్మా.

నిన్న అన్న దాన్ని సాన పట్టించుకొచ్చి, చేతి మీద వెంట్రుకలు గీసి చూపించి నవ్వాడు. "సగం పని నువ్వే చేసినావ్ లే, సైంటిస్టూ." అప్పుడే భయమేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కత్తి ఈ సంచిలోనే, క్యారియర్ కింద నాయన లుంగీలో చుట్టి ఉంది. అత్తకు తెలియదు. నువ్వు దాన్ని ఎక్కడో పారేసి ఊరుకోవద్దు. అన్న ఇంకోటి తెస్తాడు. డాక్టరుకు నిజం చెప్పు. పోలీసులకు మామ పేరు చెప్పు. ఆదివారం అంటే రేపే. నీ తమ్ముడు స్టేషన్లో ఉంటేనే బతుకుతాడు, నీ కొడుకూ బతుకుతాడు. ఈసారి కూడా బండి మీంచి పడ్డాడని చెప్తే నేను నీతో మాట్లాడను.

ఇట్లు,
ఆ కత్తిని తోమిన నీ కూతురు
ప్రవళిక

తలుపు కొడుతున్నారు. నాలుగు కాలేదు, ఇంకా మూడే.

"ప్రవళీ! కత్తి యాడ పెట్నావే? తలుపు తియ్!"

కాగితాలు పైగిన్నెలో అన్నం మీద పెట్టి మూత వేస్తున్నా