నీ సమాధి పక్కన దిగిన డ్రోన్

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కాటారం పొలంలో నీ సమాధి దగ్గర విస్తరిలో అన్నం పిట్టకు పెట్టి, కాకి కోసం గట్టు మీద కూర్చున్నాం. పక్క పొలంలో డ్రోన్ మందు కొడుతోంది. మనం టీ తాగేలోపు ఎకరం ముగిస్తుందట. దాని మోతకే కాకులు రావడం లేదని నా అనుమానం. అమ్మ అనుమానం వేరు.

"రేపటికి మనం గూడ గా మిషన్ మాట్లాడినమని మీ బాపు అలిగిండు" అంది.

కొత్త మిషన్ ఏదొచ్చినా చుట్టూ తిరిగి చూడందే నువ్వు పొలంలోకి రానిచ్చేవాడివి కాదు కదా.

చివరికి డ్రోన్ గట్టు మీద దిగింది. ఒక కాకి వచ్చింది. విస్తరి వైపు చూడనైనా లేదు. డ్రోన్ చుట్టూ గెంతుతూ, మెడ వంచి దాని కిందికి కూడా చూసింది.

నేను దాన్ని విస్తరి వైపు తోలబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు బిడ్డా. చూసుడు అయినంక తింటడు."