పెదగడ్డిలంక అమ్మకానికి కారణాలు వ్రాయుము

లంక భూముల ప్రత్యేకాధికారి శ్రీయుత చక్రపాణి గారి సముఖమునకు, విజయవాడ.

పెదగడ్డిలంక కాపురస్తుడు, రిటైర్డ్ సోషల్ మాస్టారు కె. నతానియేలు, వయసు 71, వ్రాసుకొను పన్నెండవ అర్జీ.

విషయం: మా లంకను వచ్చే శుక్రవారం విహారకేంద్రం కంపెనీ వారికి అమ్మివేయుటను ఆపుట గురించి.

సూచిక: ఇదే అర్జీదారు లోగడ సమర్పించుకున్న పదకొండు అర్జీలు. దయచేసి వాటిని నమ్మవద్దు.

అయ్యా,

మా లంకను అమ్మడానికి తమరు తయారుచేసిన నోటును తమ ఆఫీసు సూపరింటెండెంటు బసవపున్నయ్య గారు నాకు చూపించారు. నాలుగు పేజీలు, నాలుగు కారణాలు, ఎక్కడా కొట్టివేత లేదు. చదువుతుంటే చెయ్యి ఎర్ర పెన్ను కోసం జేబులో వెతికింది. ఇరవై ఆరేళ్ళ క్రితం ఒడ్డు మీది హైస్కూల్లో తొమ్మిదో తరగతికి నేను డిక్టేట్ చేసిన జవాబే అది. ‘రష్యా చక్రవర్తి సుదూరమున ఉన్న అలాస్కాను అమెరికాకు ఏల అమ్మివేసెను? నాలుగు కారణములు వ్రాయుము.’ తమరికి అప్పుడు నాలుగుకి నాలుగు వేశాను. ఇప్పుడు తమరు అలాస్కా అన్నచోట పెదగడ్డిలంక అని మార్చారు, మిగతాదంతా అలాగే ఉంచారు. నా జవాబును నేనే దిద్దుకొనుటకు అనుమతి కోరుతూ ఈ దిగువ మనవులు.

1. మొదటి కారణం దూరం. అలాస్కా అంటే చక్రవర్తికి నెలల ప్రయాణం. మా గట్టు మీద నిలబడితే ఇబ్రహీంపట్నం థర్మల్ పొగగొట్టాలు కనిపిస్తాయి. మావాళ్ళు పొద్దున అన్నం తిని ఆటోనగర్ పనికి పోయి, సాయంత్రం కూర వేళకి ఇంటికొచ్చేవాళ్ళు. మధ్యలో ఉన్నది ఒక్క ఏటిపాయ, ఏసుపాదం పడవ వేస్తే పావుగంట. పడవవాడికి ఇచ్చే జీతం తమ ఆఫీసు ఆపేసిన రోజు నుంచి మేము దూరమయ్యాం. ఏసుపాదం పడవ తెగనమ్ముకుని హనుమాన్ జంక్షన్‌లో లారీల దగ్గర పనికి కుదిరాడు.

2. రెండవ కారణం ఖర్చు. వరద వచ్చినప్పుడల్లా మాకు బియ్యం, పులిహోర పొట్లాలు, టార్పాలిన్లు పంపలేక సర్కారు అలిసిపోయిందని రాశారు. రుజువుగా ‘ఈ ప్రాంతము మానవ నివాసమునకు ఏమాత్రము యోగ్యము కాదు’ అన్న వాక్యం పెట్టి, కింద ‘ఆధారం: నతానియేలు, అర్జీ నం. 5’ అని చూపించారు. వాక్యం నాదే. అది ఎలా పుట్టిందో మనవి చేసుకుంటాను. ఆ ఏడు మోకాటి లోతు నీళ్ళు వచ్చి నాలుగు రోజులకు పోయాయి. నేను అదే రాసి మా వీధి శౌరమ్మకు చదివి వినిపించాను.

"ఇంతేనా మాస్టారూ? మోకాలంటే వాళ్ళు కుర్చీలోంచి లేస్తారా? పీకల్దాకా వచ్చినయ్యని రాయండి. ఇంకాస్త ఏడుపు కలపండి" అంది.

కలిపాను. అర్జీ అన్నాక ఇక్కడ అందరూ చేసే పనే. రాసేవాడు పదింతలు పెంచుతాడు, చదివేవాడు తొమ్మిదింతలు తగ్గించుకుంటాడు, ఆ మిగిలినదానికి ఏదో ఒక పొట్లం వస్తుంది. పదకొండు అర్జీలకు ఒక్క జవాబూ రాకపోయేసరికి వాటిని ఎవరూ చదవడం లేదనుకున్నాను. తమరు ప్రతి అక్షరం చదివారు. చదివి నమ్మారు కూడా.

3. అలాస్కాలో బొచ్చు జంతువులు అయిపోయాయి, మా దగ్గర ఇసుక అయిపోయింది. ‘ఇకపై ఈ భూమి వలన ప్రయోజనము లేదు’ అన్నారు. ఆ ఇసుక మేము తినలేదు. ఈ కారణానికి నా అర్జీల సాయం కూడా తీసుకోలేదు, పూర్తిగా తమ సొంత తెలివే. అర మార్కు ఎక్కువ వేయవచ్చు.

4. నాలుగవ కారణం, కాపాడలేకపోవుట. చక్రవర్తికి ఇంగ్లీషువాళ్ళు లాక్కుంటారని భయం, తమకు ఏరు లాక్కుంటుందని భయం. ఎలాగూ పోయేదాన్ని పోకముందే అమ్ముకోవడం మేలట. ఇందుకు ఆధారం నా ఎనిమిదో అర్జీలోని ‘పడవ లేక ముగ్గురు మరణించిరి’ అన్న ముక్క.

అయ్యా, ముగ్గురు చనిపోలేదు. ఒక్కరే చనిపోయారు. ఒక్కరంటే ఎవరికి లెక్క అని మిగతా ఇద్దరినీ బరువు కోసం నేను కలిపాను. ఆ ఒక్కరు నా భార్య మణెమ్మ. గడ్డి కోస్తుంటే రక్తపింజరి కరిచింది, అప్పుడు పొద్దున పదయింది. మంచం మీద రేవుకు మోసుకొచ్చి రెండింటిదాకా పడవ కోసం చూశాం. చేపల పడవలన్నీ ఎగువకు పోయి ఉన్నాయి. అవతల ఒడ్డున ఆస్పత్రి బోర్డు మీది అక్షరాలు కూడా నేను చదవగలుగుతున్నాను. "ఏమండీ, ఎండ చంపేస్తోంది, తువ్వాలు నెత్తిన వేసుకోండి" అంది. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. అలాంటి మనిషిని నేను మూడో వంతు చేసి అర్జీలో కలిపాను. తమరు ఆ అర్జీని తీసుకెళ్ళి నోటులో కలిపారు.

5. కంపెనీ వారి రంగుల కాగితం గురించి. అందులో మా లంకను పైనుంచి తీసిన ఫొటో ఉంది. తీసింది ఈస్టర్ వారంలో. తమరికి తెలిసే ఉంటుంది, ఈస్టర్‌కు ముందు మేము మా సమాధులన్నిటికీ సున్నం కొట్టుకుంటాం. ఫొటోలో అవి తెల్లగా వరసగా కనబడుతున్నాయి. కింద ఇలా అచ్చువేశారు: ‘పర్యాటకులు కూర్చుని సూర్యాస్తమయం చూసేందుకు తెల్లని అరుగులు ఇరవై మూడు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి.’

ఏటివైపు చివరి అరుగు మణెమ్మది. తెలుపు బాగా తేలాలని దాని సున్నంలో నీలిమందు కాస్త ఎక్కువే కలిపాను. మనుషులకు ఒడ్డు మీద రేకుల షెడ్లు ఇస్తారని నోటులో ఉంది, సమాధుల ఊసు లేదు. ఆమె పక్కన నాకోసం చోటు ఉంచుకున్నాను. కంపెనీ ప్లానులో అక్కడ టీ కొట్టు ఉంది.

6. నోటు చూపిస్తూ బసవపున్నయ్య గారు ఎంతో మర్యాదగా మాట్లాడారు. "మీ రాతేనండీ ఇదంతా. సారు మీటింగులో చదివి వినిపించి, మా మాస్టారి భాష, ఒక్క ముక్క మార్చక్కర్లేదు అన్నారండి. మీకు గర్వంగా ఉండాలండి" అన్నారు. ఆ మాట నేను లంకకు వచ్చి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. శౌరమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది, చెరగడం ఆపలేదు.

"అయితే మీరు కలిపిన ఏడుపుకేనన్నమాట మమ్మల్ని అమ్మేది" అంది.

కలపమన్నది తనేనని నేను గుర్తుచేయలేదు. ఆదివారం గుడిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

కావున ప్రార్థించునది ఏమనగా, నా పదకొండు అర్జీలనూ అబద్ధాలుగా ప్రకటించి, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు నా మీద కేసు పెట్టి, అమ్మకం మాత్రం ఆపవలసినది. తమ ఫైలుకు పనికివచ్చేలా ఈ దిగువ విధంగా ధ్రువీకరిస్తున్నాను. మా లంక మానవ నివాసమునకు మిక్కిలి యోగ్యము. వరద నీరు ఎన్నడూ మా పాదాలు దాటలేదు. మాకు పడవ అక్కరలేదు, ఇకముందు అడగబోము. నా భార్య మణెమ్మను ఏ పామూ కరవలేదు, ఆమె పడవ కోసం ఎదురుచూడలేదు, వయోభారము వలన తన మంచము మీద ప్రశాంతముగా మరణించినది. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మిగతా అర్జీలను నమ్మినట్టే దీన్ని కూడా నమ్మమని వేడుకుంటున్నాను.

పదకొండుసార్లు చిత్తగించిన తమరు ఈ ఒక్కసారి కూడా చిత్తగించవలెను.

ఇట్లు,
ఒకప్పుడు తమకు మాస్టారు, ఇప్పుడు తమ విధేయుడు,
కె. నతానియేలు

తా.క. చక్రీ, ఆ పాఠం చెప్పిన రోజు నువ్వు మూడో బెంచీలోంచి లేచి, "అమ్మేముందు అక్కడున్నోళ్ళని అడిగారా మాస్టారూ?" అన్నావు. నాకు ఒళ్ళు మండింది. "అది ప్రశ్నలో లేదు, నాలుగు కారణాలు రాసుకో చాలు" అని, పీరియడ్ అయ్యేదాకా నిన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నువ్వు ఏ క్లాసులోనూ నోరు తెరిచి ప్రశ్న వేయలేదు, మార్కులు మాత్రం అన్నిట్లో నీకే ఎక్కువ వచ్చాయి.

నువ్వు అడిగినదానికి జవాబు నాకు ఆవేళే తెలుసు. అడగలేదురా.