బెళ్ళందూరు పూడిక, మిద్దె మీది మెంతికూర

మే 6, మంగళవారం

పొద్దున్నే ఆశ్చర్యం. సంచి సగానికి చిక్కిపోయింది. నిన్న సాయంత్రం నా నడుమెత్తు ఉండింది.

చెరువులోంచి తోడిన బురదలో, అది ముద్దకట్టేలా కాస్త మందు కలిపి, పంపుతో ఆ పెద్ద నల్ల గుడ్డ సంచిలోకి నింపుతాం. నీళ్ళు గుడ్డ గుండా ఊరి కారిపోతాయి. పూడిక లోపల ఉండిపోతుంది. కారే నీళ్ళు దోసిట్లో పట్టా. తేటగా ఉన్నాయి. నురగలు కక్కే బెళ్ళందూరు చెరువులో తేట నీళ్ళు...

ఒండ్రు, పూడిక, అడుసు, రొచ్చు. బస్సులో దారంతా ఈ మాటలు నోట్లో నానేసుకుంటూ వచ్చా. ఒక్కోదానికి ఒక్కో తడి.

మే 12, సోమవారం

సంచి కోశాం. నల్లగా, గట్టిగా. చేత్తో విరిస్తే విరిగింది. రిపోర్టులో రాశా: "ఇది ఇప్పుడు బురద కాదు, మట్టి." గైడు మేడం ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "సెంటెన్స్ బాగుంది. టెస్ట్ అయ్యాక రాయి."

శాంపిల్స్ ల్యాబుకు వెళ్ళాయి. సీసం, కాడ్మియం లాంటి విషలోహాలు ఎంతున్నాయో తెలిస్తేగానీ ఇది తోటలకా, ఇటుకలకా అన్నది తేలదు.

మిగిలిన ఒక్క బకెట్ హొసకోటెలో ఇంటికి మోసుకొచ్చా. ఎందుకో తెలీదు. దగ్గర ఉంచుకోవాలనిపించింది. గుమ్మంలోనే అవ్వ.

"ఏమే పాపా, కాలేజీకి పోయి బురద మోసుకొస్తివే?"

కొట్టేసిన వాక్యం ఆమెకు వినిపించా. బురద కాదవ్వా, మట్టి.

"చెరువుదా?"

"చెరువుదే."

వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఎండాకాలం చెరువు ఎండితే బండ్లతో ఆ మట్టి తోలి రాగి చేలో చల్లేవాళ్ళట. ఎరువు కొననక్కర్లేదట. చెబుతూ ఇంకా నలుపుతూనే ఉంది.

మే 15, గురువారం

ల్యాబు నుంచి ఏమీ లేదు.

మే 16, శుక్రవారం

బకెట్ ఖాళీ. కడిగి బోర్లించి ఉంది.

మిద్దె ఎక్కా. తొట్లన్నీ నల్లగా. అప్పుడే మెంతులు మొలకెత్తాయి. వెనకే అవ్వ.

"చెరువు మట్టి తొట్లో ఎయ్యక, బకెట్లో పెట్టి పూజ చేస్తారా?"

ల్యాబు రిపోర్టు బాగానే రావచ్చు కదా. వస్తే ఏ గొడవా లేదు. అంతవరకు ఆమెను ఎందుకు కంగారు పెట్టడం... అనుకున్నా. అనుకుని కిందికి దిగొచ్చా.

మే 20, మంగళవారం

వాన. సంచుల మీద టార్పాలిన్లు కప్పి, తడిసి, ఇల్లు చేరా. మెయిల్ చూడటం, ఫోన్ పక్కన పడేయడం, మళ్ళీ చూడటం. పుస్తకం తెరిస్తే ఒకే పేరా నాలుగోసారి.

మే 24, శనివారం

అవ్వ రోజూ పైకి పిలుస్తోంది. "చూడు, ఎట్ల ఉండాదో. నీ చదువు ఇప్పటికి పనికొచ్చె."

నవ్వా. నవ్వినట్టు చేశా.

మే 29, గురువారం

రిపోర్టు వచ్చింది. సీసం ఎక్కువ. కాడ్మియం ఎక్కువ.

మేడం ఫోన్: "ఇటుకలకు ట్రై చేద్దాం. తినే మొక్కలకు మాత్రం వద్దు. డల్ అయిపోకు, ఇదీ రిజల్టే." మిద్దె సంగతి చెప్పలేదు. సరే మేడం అన్నా.

ఇంటికొచ్చేసరికి అవ్వ మెట్ల మీద, కింది వాటాలో ఉండే నాగమణితో. నాగమణి భుజం మీద నెల బిడ్డ. "రేపు పొద్దున తొలి కోత నీకే తల్లీ. బాలింతకి మెంతికూర మంచిది, పాలు బాగా పడతాయి." నాగమణి నన్ను చూసి నవ్వింది. "అక్కా, మట్టి మీరే తెచ్చినారంట." వాళ్ళ పక్కనుంచి ఒదిగి పైకి వెళ్ళా.

ఒక ఆకు తుంచి చూశా. ఎంత చూసినా ఏమీ తెలీదు. పచ్చగా ఉంది, అంతే.

అన్నాల దగ్గర మొదలుపెట్టా. అవ్వా, ఆ మట్టి...

"నువ్వు చెప్పింది నిజమే పాపా. బురద కాదు అది."

నా వాక్యం. కంచం తీసుకుని లేచా.

అప్పట్నుంచి ఎలా చెప్పాలో రాస్తున్నా, కొట్టేస్తున్నా. రాసినవన్నీ వినడానికి బాగానే ఉన్నాయి. అదే భయం.

అవ్వ ఎప్పుడో పడుకుంది. తెల్లారగానే చాకు తీసుకుని పైకెళ్తుంది. రేపు ఆమె కంటే ముందే లేవాలి. మిద్దె తలుపుకు అడ్డంగా కూర్చోవాలి. మొదటి మాట — తినకూడదు. మిగతాది ఆ తర్వాత.