బొమ్మల కార్డులకు నగదు బహుమతి

ఆదివారం, రాత్రి

మా స్వప్న గెలిచిందోచ్! దిల్‌సుఖ్‌నగర్ షాపులో బొమ్మల కార్డులతో ఆడే ఆటల పోటీ పెడితే మొదటి బహుమతి నా బంగారుతల్లిదే! ఎప్పుడూ కార్డుల ప్యాకెట్టే ఇచ్చేవారు, ఈసారి నగదు ఇచ్చారు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులు ఎర్రబడ్డాయి.

కానీ ఫైనల్లో ఓడిన కిరణ్, దానికి ఆ ఆట నేర్పినవాడే, పలకరించకుండా వెళ్లిపోయాడు. ఇదివరకు ఓడినా నవ్వుకుంటూ మాతో చాయ్ తాగేవాడు.

"పైసలు చేజారినయి గదా నాన్నా, జర గట్లనే ఉంటది. ఒచ్చే వారం బహుమతి డబుల్ పెడుతున్నరు. నేను పోతా" అంది స్వప్న.



పొద్దున్నే ఈ కబురు చెప్పాల్సినవాళ్లు: మలక్‌పేట అక్క, బాటసింగారం బావ, ఎల్బీనగర్ చిన్నమ్మ, అల్మాస్‌గూడ తమ్ముడు. తమ్ముడికి మాత్రం నగదు సంగతి చెప్పను. వాడు పత్తాలాటలో పొలమంతా పోగొట్టుకున్నాడు. మొదటిసారి వాడూ గెలిచే ఇంటికొచ్చాడు.