కట్ చేస్తే అందినట్టు

12 జులై 2007

మా ఆయన దుర్గాశ్రీనివాస్ బందరు వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో ఇంకో ఫోన్ తెచ్చాడు. అది నాకట. సముద్రంలో తడవడానికి తన పాతది చాలట. ఎందుకీ దండగ అన్నాను గానీ లోపల సంతోషంగానే ఉంది. ఈ పేటలో సొంత ఫోనున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే.

మాట్లాడితే బ్యాలెన్స్ అయిపోతుందని ఒక లెక్క పెట్టుకున్నాం. వేటనుంచి వస్తూ టవర్ అందగానే ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. వస్తున్నాం, బుట్టలు తీసుకుని ఒడ్డుకి రమ్మని. వెంటవెంటనే రెండిస్తే ఇంజను ఆగింది, ఇంకో పడవ పంపమని. నేను కట్ చేస్తే అందినట్టు. మరిది ధనరాజు కూడా అదే పడవలో వెళ్తాడు కాబట్టి వాడిచేత కూడా అప్పజెప్పించాడు.

15 జులై

ఫోన్‌లో పాము ఆట ఉంది. చుక్క తింటే పాము పెరుగుతుంది. తన తోక తనే కొరుక్కుంటే అవుట్. భలే ఉంది.

22 జులై

అన్నం మాడిందని అత్తయ్య ఊరంతా వినేలా సాధించింది. కోడలికి ఆట పిచ్చి పట్టిందట. నాకేం పిచ్చి లేదు. బందరులో కాలేజీ ఎగ్గొట్టి వీడియో గేమ్ షాపులో పడుంటారే, వాళ్ళది పిచ్చి. నాది టైమ్‌పాస్. ఎసరు మరిగేలోపు, చేపలు ఎండేలోపు. ఎప్పుడంటే అప్పుడు పక్కన పెట్టేస్తాను. పైగా ఫోన్ వస్తే ఆట దానంతటదే ఆగి నిలబడుతుంది. మాట్లాడాక కంటిన్యూ నొక్కితే చాలు.

ఇంకోటి కూడా రాయాలి. ఆ కాసేపు నన్నెవరూ ఏమీ అడగరు. పెళ్ళయ్యాక అలాంటి కాసేపు నాకెప్పుడూ దొరకలేదు.

2 ఆగస్టు

ఆయన ఉత్త రాక్షసుడు. నేను మంచి ఊపుమీదుంటే అరుగు మీద కూర్చుని కావాలని మిస్డ్ కాల్ కొడతాడు. కట్ చేస్తే మళ్ళీ కొడతాడు. చేట విసిరాను, తగల్లేదు.

నా ఫోన్‌లో టాప్ స్కోర్ కూడా ఆయనదే. దాన్ని దాటితే వెండి పట్టీలు కొనిస్తాడట. ధనరాజు సాక్షి.

9 ఆగస్టు

పడవలోంచి కూడా రెండు కొట్టాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పడవ తీయమని చెబుదామని కొండలరావు మావయ్య ఇంటికి పరిగెత్తాను. చూస్తే వీళ్ళ పడవ దర్జాగా ఇటే వస్తోంది. అన్నదమ్ములిద్దరూ విరగబడి నవ్వుతున్నారు. అందరి ముందూ తిట్టాను. సముద్రం మీదనుంచి ఇంకెప్పుడూ అలా చెయ్యనని ఒట్టేయించుకున్నాను.

21 ఆగస్టు, సాయంత్రం

దాటేశాను! టాప్ స్కోర్ నాదే!

సరిగ్గా పాము బాగా పెరిగి స్క్రీనంతా నిండినప్పుడు ఆయన రెండుసార్లు కొట్టాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడన్నమాట. రెండూ కట్ చేసి పారేశాను. రానీ, పట్టీల సంగతి ఒడ్డు మీదే తేలుస్తాను. బుట్టలు తీసుకుని వెళ్తున్నాను.

చీకటి పడుతోంది

గాలి పెరిగింది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి. ఫోన్ చేస్తుంటే కవరేజ్‌లో లేదంటోంది.

రెండు కొట్టాడు.

22 ఆగస్టు

నిన్న కొండలరావు మావయ్య కాళ్ళ మీద పడ్డాను. ఈ గాలికి పడవ దింపితే అదీ తిరిగి రాదన్నాడు. వెలుగుండగా చెప్పుంటే వెళ్ళేవాణ్ణి కదమ్మా అన్నాడు. మావయ్య కళ్ళల్లో నీళ్ళు.

ఇవాళ నాలుగు పడవలు వెతకడానికి వెళ్ళాయి.

23 ఆగస్టు, బందరు ఆసుపత్రి

ధనరాజు నిన్నే దొరికాడు. డీజిల్ క్యాన్ పట్టుకుని తేలుతుంటే గిలకలదిండి రేవు వాళ్ళు చూసి తీశారట. ఇవాళ మాట్లాడాడు.

ఇంజను ఆగి పడవలోకి నీళ్ళెక్కుతున్నాయట. అప్పటికింకా ఒడ్డున తాడిచెట్లు కనబడుతున్నాయట. క్యాన్లు పట్టుకుని ఈదేద్దాం రా అన్నా అన్నాడట వీడు. ఆయన వద్దన్నాడట. మీ వదిన మల్లి రెండూ కట్ చేసిందిరా, ఈపాటికి పడవ పంపేసుంటుంది, వల వదిలేసి ఎక్కడికి పోతాం అన్నాడట. గాలి ముదిరేదాకా నీళ్ళు తోడుతూ ఒడ్డు వైపే చూస్తున్నాడట. తర్వాత ఒక పెద్ద అల వచ్చిందట.

అదంతా చెప్పి వాడు నన్నొక మాటడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే. వదినా, పడవ ఎవరికిచ్చి పంపావు, పాపం వాళ్ళు క్షేమంగా తిరిగొచ్చారా అని.

అత్తయ్య పక్కనే ఉంది. నాకే ఫోనూ రాలేదన్నాను. సిగ్నల్ లేక దానంతటదే కట్టయి ఉంటుందన్నాను. అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని, ఆ టవర్ కట్టినవాళ్ళని శాపనార్థాలు పెట్టింది. నేను ఏడ్చాను. భయంతో ఏడ్చాను.

30 ఆగస్టు

ఆట ఆగేది. నేను ఫోనెత్తి మాట్లాడినా ఆట ఆగి నిలబడేది. దానికేమీ అయ్యేది కాదు.

18 సెప్టెంబరు

ఆయన దొరకలేదు. ఇక వెతకడం లేదు. అత్తయ్య తన కంచంలోంచి తీసి నాకు తినిపిస్తోంది. ఆవిడ అంత ప్రేమగా చూస్తుంటే చెప్పేద్దామని నోటిదాకా వస్తుంది.

ఇవాళ ధనరాజు నా ఫోన్ ఒకసారి ఇమ్మన్నాడు. ఎవరికో చేసుకుంటాడేమో అనుకున్నాను. చెయ్యలేదు. ఆట తెరిచి టాప్ స్కోర్ చూశాడు. వాళ్ళన్న స్కోర్ వాడికి తెలుసు. ఆ రోజు వేటకెళ్ళేదాకా నేను దాన్ని దాటలేదనీ తెలుసు.

ఫోన్ నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

5 నవంబరు

ధనరాజు అత్తయ్యకి చెప్పలేదు. నన్ను వదినా అని పిలవడం మానేశాడు, అంతే. చెప్పేస్తే బాగుండును.

ఆట తీసేయమని బందరు షాపులో ఇస్తే, ఈ ఫోన్లలో అది తీయడం కుదరదన్నారు. ఆయన నంబరు గురించి కూడా అడిగాను. ఇంకొన్నాళ్ళు వాడకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. రోజూ సాయంత్రం ఆ నంబరుకి చేస్తున్నాను. స్విచ్ ఆఫ్ అని ఒకావిడ చెబుతుంది.

9 మార్చి 2008

ఇవాళ ఆయన నంబరు మోగింది.

వెంటనే ఇంకోసారి చేశాను.

రెండూ కట్ చేశారు.

బుట్టలు కడుక్కుని ఒడ్డుకి వెళ్ళాను.