నువ్వడిగిన పుస్తకం వచ్చింది

సూరీ,

పాడేరులో నిన్నటి నుంచి ముసురు. నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వడిగిన సైకాలజీ పుస్తకం పోయిన నెలలో గాని నా లైబ్రరీకి రాలేదు.

పాఠకుల సూచనల రిజిస్టరులో, 'ఎందుకు కావాలి' అన్న గడిలో నువ్వేం రాశావో గుర్తుందా? "నాకు కాదు, మా ఆఫీసరుగారికి. కోపం వచ్చినప్పుడు మెదడు ఏం చేస్తుందో ఆయనకి తెలియాలి."

పేపరు చూడ్డానికొచ్చిన ఆ ఆఫీసరే బల్ల మీది కొత్త పుస్తకం తీసి, "ఇది ఎవరడిగారు?" అన్నాడు. నేను నసుగుతుంటే రిజిస్టరు తనే తిప్పాడు. ఆయన గొంతు లేస్తే బస్టాండుదాకా వినిపిస్తుందని నువ్వే అనేవాడివి. చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యాను. ఆయన మాత్రం సంతకం పెట్టి పుస్తకం పట్టుకెళ్ళాడు.

వారం తిరిగేసరికి మీ ఆఫీసు జీపు డ్రైవరు సింహాచలం పరిగెత్తుకొచ్చాడు. "ఏటి పుస్తకం ఇచ్చీసినారు బాబూ? మా సారు నన్ను వారమై ఒక్క తిట్టూ తిట్నేదు. ఒంట్లో బాగోనేదేటో, బేగి డాక్టరుకి సూపించాల!"

ఇవాళ ఆఫీసరు పుస్తకం తిరిగిచ్చి, నీ రాత కింద "చదివాను. నిజమే" అని రాశాడు. ఆ కిందనే, సంతోషంగా బతకడం గురించి ఏదైనా మంచి పుస్తకం తెప్పించమని కూడా రాశాడు. ఆయన వెళ్ళాక, ఎందుకు కావాలన్న గడి చూశాను.

"నాకు కాదు, లైబ్రేరియనుగారికి. సూరిబాబు పోయాక ఈయన నవ్వడం లేదు."

'నిశ్శబ్దం' అని నేనే రాసి తగిలించిన బోర్డు కింద కూర్చుని, సూరీ, పేపరు చదివేవాళ్ళంతా తలెత్తి చూసేలా నవ్వాను.