పటేలుకు జావ తాపిన వైనం

ఇబ్రహీంపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

మా అక్క పాదాలకు తమ్ముడు నరేశ్ సాగిలపడి రాసే విన్నపం. ఇక్కడ నేను క్షేమం, నా ముక్కు తప్ప. నువ్వూ బావా చిన్నదీ జ్వరాలు లేకుండా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోన్లో చెప్పొచ్చు గానీ, బావ స్పీకర్ పెట్టి అన్నం తింటూ వింటాడు. ఇది అన్నం ముందు వినే సంగతి కాదు.

శేరిగూడలో ఇంజనీరింగ్ చదివిన నీ తమ్ముడు క్రైస్తవ సిస్టర్ల ఆశ్రమంలో ముసలివాళ్ళ పుండ్లు కడుగుతున్నాడు. వాన పడితే కిటికీలు మూస్తారు. వాసన లోపలే కాపురం పెడుతుంది.

మా హాల్లో ఒక పునీతురాలి పటం ఉంది. ఆశ్రమానికి ఆమె పేరే. వందల ఏళ్ళ కింద ఇటలీలో బట్టలకు రంగులద్దే ఇంటి పిల్ల. పెండ్లి వద్దని జుట్టు కత్తిరించుకుంది. దేవుడితో మాట్లాడేదట. పోపుగారికే ఉత్తరాలు రాయించి మందలించిందట. ఇంతవరకు నాకూ నచ్చింది. అయితే కుళ్ళిన పుండుతో ఉన్న ఒకామెకు సేవ చేస్తే, ఆ మహాతల్లి ఈమె మీదే నిందలు వేసిందట. ఒకనాడు వాసనకు కడుపులో తిప్పితే, తన అసహ్యం మీద తనకే కోపం వచ్చి, పుండు కడిగిన నీళ్ళు తాగేసిందట! ఆమె పోయాక తల ఒక ఊళ్ళో, మొండెం ఇంకో ఊళ్ళో పెట్టుకొని మొక్కుతున్నారు. ఆశ్రమం నడిపే మా మదర్ ఇదంతా టిఫిన్ దగ్గర చెప్పింది. ఆ ఇడ్లీ ఇంకా నా గొంతులోనే ఉంది.

ఇక నా రోగి. మన్నెగూడ దగ్గర భూములమ్మిన పటేలు. నడుముకు పుండు. కొడుకులు తుర్కయాంజాల్‌లో ఉంటారు, ముక్కుకు కర్చీఫ్ కట్టుకొని వచ్చి గుమ్మంలోంచే "బాపూ, మంచిగున్నవా?" అని పోతారు. నేను చేరిన రోజే పటేలు నా కులం అడిగాడు:

"ఏమిట్లోనివిరా నువ్వు?"

తమాషాకి "మీలోన్నే పటేలా" అన్నాను.

"గందుకే చెయ్యి గింత మెత్తగున్నది!"

అప్పటినుంచి నా చేత్తో తప్ప తినడు. మొన్న ఆయా యాదమ్మ నీళ్ళిస్తే గ్లాసు విసిరికొట్టి, "నీ చేతి నీళ్ళు నాకెందుకే?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"పటేలా, నేను చాకలోన్ని. ఇన్నొద్దులు నువ్వు తిన్నది నా చేతిదే."

నోట్లో వేలు పెట్టుకొని కక్కాడక్కా, నా చొక్కా మీదే. చీము పట్టిన నడుమును రోజూ తుడిచే నేను అతనికి రోత! ఆపైన ఎవరు పెట్టినా నోరు మూశాడు. "ఇగ ఎవ్వల్ని నమ్మ" అంటాడు. తినకపోతే పుండు మానదు, మనిషి దక్కడు అన్నాడు డాక్టర్.

"పునీతురాలు సేవ మానలేదు కదా నాయనా" అంది మదర్.

"ఆమె పునీతురాలు మదర్, నేను బీటెక్" అన్నాను.

అయినా ఇవాళ పొద్దున పుండు కడిగి, రాగి జావతో కూర్చున్నాను.

"తాగుతవా లేదా?"

"నీ చేతిది తాగుడుకంటే సచ్చుడు నయం."

"సరే, సావు. గప్పుడు గూడ నీకు తానం జేపిచ్చేది నేనే."

పటేలు కళ్ళు గట్టిగా మూసుకొని నోరు తెరిచాడు. పోశాను. విషం మింగినట్టు మింగాడు. మదర్ సిలువ గుర్తు వేసుకుంది. నాకైతే జాలి రాలేదు, పుణ్యం చేసినట్టూ అనిపించలేదు. పుండు వాసన సబ్బుతో పోతుంది. ఆ మూసుకున్న కళ్ళ మీది అసహ్యం ఏ సబ్బుకూ పోవడం లేదు.

"వచ్చెయ్" అని రాశావు. ఇప్పుడు రాను. నేనొస్తే అతను మళ్ళీ నోరు మూస్తాడు. నా మీద బెంగ వద్దు, నిజంగా బాగున్నాను. ఒక సీసా నిమ్మకాయ తొక్కు పంపు, నాలుకకు ఏ రుచీ తెలియడం లేదు. అమ్మకు నా దండాలు, బావకు నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. పెద్దదానివి, నన్ను ఒక్కటే దీవించు: రేపు పొద్దున అతను కళ్ళు తెరిచి తాగేదాకా నా చెయ్యి వెనక్కు పోవద్దని.

నీ తమ్ముడు,
నరేశ్